ఇత్తడి బుష్షు

మర్రిగూడ నీళ్లు తాగి తాగి
నలభై దాటకముందే కొంకర్లు పోయినయి
ప్రేమ్‌దాసు వేళ్లు.

గిటారు మూలకు పెట్టలే.
బోరు మోటారు విప్పినప్పుడు మిగిలిన
ఇత్తడి బుష్షు చిటికెన వేలికి తొడిగి
తీగ పొడుగునా జార్చిండు,
ఏడు వందల ఫీట్లు పోయి
తడి దొరకక
వెనక్కి మళ్లిన గాలి లెక్క.

"మిసిసిపి దిక్కు నల్లోళ్లు
గిట్లనే వాయిస్తరు మామా" అంటే
ఇంతసేపు చూసి
"ఆళ్ల నీళ్లు సుత గిట్లనేనా?" అన్నడు.

నిన్న తానం పోస్తుంటే
ఉబ్బిన కణుపు దాటి బుష్షు రాలేదు.
సబ్బు రాసినం.
"ఉండనియ్యి" అన్నది సువార్తమ్మ.

గిటారు నాకిచ్చింది.
మూడో తీగ మీద తుప్పు, ఆయన చెమట.
నా వేళ్లు సక్కగున్నయి.
అందుకేనేమో
ఎక్కడ నొక్కినా
నొక్కిన కాడనే ఆగుతున్నది సప్పుడు.