తొంభై ఆరు డెసిబెల్స్

క్రాడ్లీ హీత్‌లో, గొలుసు కార్మికుల క్లబ్బు గోడమీద
ఒక చిన్న తెల్ల పెట్టె.
ఆకుపచ్చ దీపం: పాడుకోవచ్చు.
పసుపు: చూసుకోండి.
ఎరుపు అయిదు సెకన్లు నిలిస్తే
వేదిక మొత్తానికి కరెంటు పోతుంది.
తొంభై ఆరు డెసిబెల్స్. కౌన్సిల్ ఆర్డరు.

పెట్టె బిగించింది నేనే.
అబద్ధమెందుకు, నూట నలభై పౌండ్లు ఇచ్చారు.
శుక్రవారాలు మిక్సర్ ముందు కూర్చునేదీ నేనే.
తాళం వేసినవాడూ నేనే,
తలుపు దగ్గర నిలబడి సారీ చెప్పేవాడూ నేనే.

పక్కన కొత్త ఫ్లాట్లు లేచాయి.
అక్కడ మొన్నటిదాకా కొలిమి.
నూరేళ్ళు సమ్మెట దాగలిని కొడుతుంటే
నిద్ర చెడిందని ఒక్క కాగితమూ రాలేదు.
కొలిమి ఆర్పి, నేల చదును చేసి,
దానికి ‘కొలిమి తోట’ అని పేరు పెట్టి
బాల్కనీలు అమ్మాక
మొదటి ఫిర్యాదు వచ్చింది:
ఇక్కడ చప్పుడు ఎక్కువ.

ఈ వారం బ్యాండు పేరు ‘తొంభై రోజుల నోటీసు’.
పాడేది కెర్రీ టిబెట్స్.
పగలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్.
“కొంచెం కూర్చోండి, పిలుస్తారు” అనే గొంతే
రాత్రి పొట్ట అడుగునుంచి బండలు దొర్లిస్తుంది.
గిటారు జస్‌కిరత్, స్మెథిక్ బస్సు డ్రైవరు.
శ్రుతి ఎంత కిందికి దించుతాడంటే
అది చెవుల్లో కాదు, మోకాళ్ళలో వినబడుతుంది.
డ్రమ్స్ బెక్స్. ఆమె గురించి తర్వాత.

పాటలో ఎవరినీ తిట్టలేదు.
బడ్జెట్లో కోసేసినవాటి జాబితాని
కెర్రీ ఉన్నదున్నట్టు గర్జిస్తుంది, అంతే.
ఏడో పేజీ: లైబ్రరీ. వీధి దీపాలు, సగం.
తొమ్మిదో పేజీ: ముసలివాళ్ళ భోజనం బండి, గురువారాలు.
పదకొండో పేజీ: చెవిటి పిల్లల టీచర్లు, ఇద్దరూ.
“ఇంతకంటే భయంకరంగా రాయడం
మా వల్ల కాలేదు” అంది మైకులో.

ముందు బల్ల దగ్గర హొరేస్ బిల్లింగమ్.
నలభై ఒక్క ఏళ్ళు ఓడల లంగరు గొలుసులు సాగగొట్టి
రెండు చెవులూ కొలిమిలోనే వదిలేసి వచ్చాడు.
పరిహారం కాగితంలో నష్టం ఎంత అన్నచోట
‘స్వల్పం’ అని రాశారు.
ప్రతి శుక్రవారం వస్తాడు.
బీరు ఎడంచేత పట్టుకుని
కుడి అరచెయ్యి బల్లకి ఆనించి కూర్చుంటాడు.

చెవిటివాడి ముందు శంఖం అని మాకొక సామెత.
ఆ సామెత కట్టినవాడు
శంఖాన్ని ఎప్పుడూ బల్లకి ఆనించి ఊది ఉండడు.

పదకొండో పేజీ దగ్గర ఎరుపు.
ఒకటి.
రెండు. తగ్గించొచ్చు, వేలు మీటమీదే ఉంది.
మూడు.
నాలుగు దగ్గర చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

గిటారు ఉత్త చెక్క. మైకు ఉత్త ఇనుము.
కెర్రీ నోరు తెరిచే ఉంది,
మాట మాత్రం మొదటి వరస దాకా కూడా రాలేదు.
బెక్స్ ఆపలేదు. ఆమెకెవరూ చెప్పలేదు.
డ్రమ్ముకి ప్లగ్గు ఉండదు కదా.

హొరేస్ అరచేతిని తిప్పి చూసుకున్నాడు,
ఏదో కారిపోయినట్టు.
బల్లని గుద్దాడు.
గ్లాసు ఎగిరి పక్కవాడి ఒళ్ళో పడింది.
మళ్ళీ గుద్దాడు.
అది పాట తాళం కాదు:
ఒక పెద్ద దెబ్బ, రెండు చిన్నవి,
తర్వాత ఇనుము తిప్పుకునేంత వ్యవధి.
బెక్స్ ఆగింది. వింది.
తన తాళం వదిలి అతని తాళంలోకి వచ్చింది.

తర్వాత ఎవరు మొదలుపెట్టారో తెలీదు.
బల్లలు, కుర్చీలు, బూట్లు, బారు వెనక ఐసు బకెట్టు.
ఆ వ్యవధిలో, ఆ ఒక్క ఖాళీలో,
కెర్రీ పచ్చి గొంతుతో పేజీ నంబర్లు.
పెట్టె ఎర్రగా వెలుగుతూనే ఉంది,
తెంపడానికి దాని దగ్గర ఇంక తీగ లేదు.

సోమవారం ఫారం వచ్చింది.
నూట నాలుగు నమోదైందట, సంజాయిషీ కావాలట.
శబ్దం ఎక్కడినుంచి?
ఒక అరచెయ్యి, కుడిది, అని రాశాను.
తీవ్రత?
కాసేపు పెన్ను కొరికి
‘స్వల్పం’ అని పెట్టాను.