క్లోజ్ కాని ఎస్సార్

రెండూ పదికి హబ్సిగూడలో కరెంటు పోయింది.
వాన లేదు, ఉత్త గాలి.
ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ చిరిగి
తీగల మీద పడింది.
యూపీఎస్ పదకొండు నిమిషాలు మొత్తుకుంది.
భిక్షపతి జనరేటర్ గదికి ఉరికాడు;
డీజిల్ ఉంది, తాళంచెవి లేదు.

తర్వాత
ఫ్యాన్లన్నీ ఒక్కసారే ఆగిపోయి
నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది.

మూడున్నరకి దీపాలొచ్చాయి.
అన్నిటికన్నా ముందు లేచేది కాపలా ప్రాసెస్.
అది ఎవరికీ ఒక్క ఫైలూ ఇవ్వదు.
ఎవర్ని ఎవరి తర్వాత లేపాలో
అంతవరకే దాని చదువు.
లేచి, గుమ్మంలోనే ఆగింది.

ఫైల్ సర్వర్ పని మొదలుపెట్టేటప్పుడు
డిస్కులో ఒక చీటీ పెడుతుంది,
పద్ధతిగా పడుకునే రోజు తనే చించేస్తుంది.
చీటీ ఇంకా ఉందంటే
అది నిద్రపోలేదు, పడిపోయింది.

చీటీ ఉంది.

మా అమ్మ సత్తెమ్మ కాచిగూడ డిపోలో కండక్టరు.
ఇమ్లీబన్ దాటి చాదర్‌ఘాట్ ఎక్కేలోపు
బండి పక్కకు ఆపించి ఎస్సార్ రాసేది,
టికెట్ల నంబర్లు మొదలూ చివరా.
జనం అరిచేవాళ్లు, డ్రైవర్ హారన్ కొట్టేవాడు.
"లెక్క తెగనియ్యుండ్రి, రోడ్డు యాడికి పోదు" అనేది
చెవి వెనక పెన్ను తీస్తూ.
బస్సు పాస్ మీద పక్కన కూచున్న నాకు
సిగ్గేసేది.

మౌలాలి నుంచి ఇంతియాజ్ సార్ ఫోన్.
"అన్నీ బాగయ్యేదాకా ఎందుకమ్మా?
తలుపు తెరువు. ఎవరి వాల్యూమ్ ఎవరడిగితే
దాన్ని అప్పుడు చూద్దాం.
పొద్దుగాల డైరెక్టర్ వస్తడు."
అదీ తప్పు కాదు. అలాంటి సెట్టింగూ ఉంది.
ఈ డిస్కులు పాతవి సార్, అన్నాను.
అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు,
తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు.
"సరే, నీ ఇష్టం."

మూడు పార్టిషన్లు, నాలుగొందల పన్నెండు వాల్యూములు.
ఒక్కోదాని తలుపు మూసి
లోపలున్నవాటిని లెక్కపెట్టడం.
ఈ డైరెక్టరీ చెప్పే పేరుకి ఫైలుందా,
ఈ ఫైలుకి పేరు చెప్పే డైరెక్టరీ ఉందా.
రెండో ప్రశ్న దగ్గర కొన్ని మిగిలిపోతాయి:
ఒళ్లుంటుంది, పేరుండదు,
ఏ గదిదో చెప్పేవాళ్లుండరు.

వాటినేం చేయాలో ముందే రాసిపెట్టాలి.
వదిలెయ్, తీసెయ్, తగిలించు:
మూడింట్లో ఒకటి.
నాకు ముందున్నాయన 'తీసెయ్' అని రాశాడు,
జాగా కలిసొస్తుందని.
పోయిన నెల నేను మార్చాను. ఎవరికీ చెప్పలేదు.

డిపోలో అమ్మ కుర్చీ వెనక ఒక రేకు బీరువా.
గొడుగులు, టిఫిన్ క్యారియర్ మూత,
ఉస్మానియా దవాఖానా ఎక్స్‌రే కవరు,
ఎడంకాలి చెప్పు ఒక్కటే.
ప్రతిదానికీ దారంతో చీటీ:
'దొరికింది. 107. కుడివైపు మూడో సీటు.'
ఆ చెప్పు కోసం ఎవరొస్తారే అని నవ్వాను ఒకసారి.
అమ్మ నవ్వలేదు. ముడి గట్టిగా బిగించింది.

ఐదూ నలభైకి లెక్క తెగింది.
భిక్షపతి టీ తెచ్చాడు, తాళంచెవి కూడా:
అతని చొక్కా జేబులోనే ఉందట.
అనాథ ఫైళ్లు ఆరు. ఐదు ఖాళీ.
ఆరోది తెరిచాను.
ఎవరో రాసుకున్న బోరుబావుల పట్టిక,
ఏ సంవత్సరమో లేదు.
నాచారం, పదకొండు మీటర్లు.
మల్లాపూర్, పంతొమ్మిది.
రామంతాపూర్, ముప్పై నాలుగు.
ఆఖరి వరసలో ఊరి పేరు కొట్టేసి ఉంది,
అంకె ఉండాల్సిన చోట మాటలు:

టేపు అయిపోయింది. నీళ్లు తగల్లేదు.
రేపు పెద్ద టేపుతో రావాలి.

తొమ్మిదింటికి అందరూ వచ్చారు.
రాత్రి ఏదైనా అయిందా అని ఎవరూ అడగలేదు.
ప్రింటర్‌లో కాగితం లేదని ఒకరు విసుక్కున్నారు.

'దొరికినవి' అని ఒక ఫోల్డరు చేసి
దాన్ని అందులో పెట్టాను.