మాత్రల లెక్క

మద్దిలేటి కోడుమూరు బస్సు దిగి
అయిదు లీటర్ల తెల్ల క్యాను చంకన పెట్టుకొని వచ్చాడు.
నిన్న పొద్దున ఆరు నుంచి ఇయ్యాల పొద్దున ఆరు దాకా
చుక్క పోనీకుండా పట్టింది.
కండక్టరు అడిగాడంట, "గానుగ నూనేనా పెద్దాయనా, లీటరెంత?"
"నువ్వు కొనలేవులే" అన్నాడంట ఈయన.
నాకు చెప్పి నవ్వుతూనే
మూత బిగువు ఇంకోసారి చూసుకున్నాడు.

కర్నూలు పెద్దాసుపత్రి, పైఅంతస్తు, మూలగది.
కూలర్లో నీళ్లయిపోయి ఉత్త గాలి గరగరమంటోంది.
మా కాగితాల్లో ఆయనకు పేరుండదు.
సున్నా రెండు ఏడు, అంతే.
మద్దిలేటి అన్నది కూడా నేను మార్చిన పేరే.

సగం మందికి మందు,
సగం మందికి ఉత్త పిండి.
ఎవరికేది పడిందో ఆయనకు తెలీదు, నాకు తెలీదు,
డాక్టరుగారికీ తెలీదు.
తెలిసిన కవరు ఏ ఊళ్లోనో ఏ బీరువాలోనో ఉంటుంది.
మొదటిరోజు ఇదంతా చదివి వినిపిస్తే
వేలికి సిరా అద్దుకునే ముందు ఒకటే అడిగాడు:
"పిండి వచ్చినోడు ఏం పాపం చేసినాడమ్మా?"
నా చేతిలో పదహారు పేజీలున్నాయి.
ఏ పేజీ తిప్పాలో తోచలేదు.

సీసా ట్రేలో బోర్లించాను.
ఇచ్చింది ముప్పై అయిదు. గడిచింది ఇరవై ఎనిమిది దినాలు.
ఏడు మిగలాలి.
దూది ఉండ ఒక్కటే పడింది.

"ఎట్లా మిగిలేటివే గదమ్మా.
ఉసేనప్పకిస్తి."

ఉసేనప్ప నాకు తెలుసు.
ఇద్దరూ ఒకే రోజు వచ్చారు, ఒకే బెంచీ మీద కూర్చున్నారు.
ఆయన క్రియాటినిన్ మేము గీసుకున్న గీత దాటింది.
"మీకు కుదరదు" అని చెప్పింది నేనే.
సరేనమ్మా అని
చొక్కా చేతులు దించుకొని, సూది గుచ్చిన చోట దూది తీసి
ఎక్కడ పారేయాలో అడిగి మరీ పారేసి పోయాడు.

ఉల్లి మార్కెట్లో ఇరవై రెండేళ్లు వాళ్లిద్దరిదీ ఒకే జత.
ఒక మూటకు చెరో కొస.
రాత్రికి నడుము పట్టేస్తే
కిరాణా కొట్లో నొప్పుల బిళ్ల, చెరొకటి.
ఆ బిళ్లలే లోపల నమిలేశాయేమో.
ఏమో అనే రాయాలి, రుజువు లేదు.

"అది ఆయనకు పడక పానం మీదికొస్తే?"
గట్టిగానే అడిగాను.
తల వంచుకున్నాడు. ఎడమ చేతి గోళ్లలో
ఎండిన ఉల్లిపొర ఇంకా ఉంది.

తలుపు దాకా పోయి మళ్లీ వచ్చాడు.
"ఇంగో ఏడు గూడా ఇస్తినమ్మా, నావి.
నాలుగు దినాలకొకటి నేను ఇడిసిపెడ్తి.
వాని మొగం వాపు దిగింది.
మొన్న మూట కొస పట్టినాడు గూడా."

పిండికి వాపు దిగుతుందా?
మందుకైనా దిగుతుందా అంత తొందరగా?
ఉసేనప్పకు మా లెక్కలో గడి లేదు,
దిగినా ఎక్కినా రాసుకోను చోటు లేదు.

'తగ్గిన మాత్రలు: పద్నాలుగు. కారణం:'
పక్కన వేలెడు గీత.
పోగొట్టుకున్నాడు, అని రాశాను.
ఫ్యాను కింద ఆ మాట ఆరేదాకా చూశాను.
ఇక్కడ తప్పు రాస్తే చెరపకూడదు.
ఒక్క గీతే గీయాలి, కింది అక్షరాలు కనబడాలి,
పక్కన సంతకం, తారీకు.
గీశాను.
ఇతరులకు ఇచ్చాడు, అని రాశాను.
రెండూ కనబడుతున్నాయి.

"బేస్తవారం ఉసేనప్పను కింద ఓపీకి తీసుకురా,
నేనే దగ్గరుండి చూపిస్తా" అన్నాను.
తలూపాడు.
క్యాను కొలిచాను: పదమూడు వందల నలభై.
కొత్త సీసా ఇచ్చాను.
చెవి దగ్గర పెట్టుకొని ఆడించి అడిగాడు:
"ముప్పై అయిదేనా?"

ముప్పై అయిదే.