ఉప్పు నీళ్ళ ఊరు

గుజ్జు ఫ్యాక్టరీ పంపిన పని ముగిసి
ఒక ఆదివారం మిగిలింది.
ప్రాగ్ నించి బస్సెక్కి
కార్లోవి వారీకి పోయినా.

స్నానానికి టికెట్టు చూసి
మనసులోనే రూపాయల్లోకి మార్చుకున్నా.
గిరింపేటలో మా ఇంటి నెల బాడుగ.
గాజు తలుపు అవతల ఆవిరి,
ఇవతల నేను,
సంచిలో నిన్నటి రొట్టె, మామిడి తాండ్ర.

స్తంభాల మంటపం కింద మాత్రం
వేడి ఊట ఊరికే కారతా ఉండాది.
రాజులు కీళ్ళనొప్పులు మోసుకొచ్చిన చోటంట.
అందరి చేతుల్లో ముక్కున్న పింగాణీ కప్పులు.
నేను స్టీలు లోటా పట్టినా.
వేళ్ళు చుర్రుమన్నాయి.
ఒక ముసలామె తన చేతిగుడ్డ ఇచ్చింది,
చుట్టుకోమని సైగ చేసి.

తాగితే,
ఓయమ్మా, ఇవి మా బోరు నీళ్ళే గదా!
అదే ఉప్పు, అదే తుప్పు,
కందిపప్పును ఉడకనియ్యని
అదే మొండితనం.

ట్యాంకరు కోసం బిందెల వరసలో
దొరసానమ్మకు ఈ కథ చెప్పినా.
నమ్మలా.
"ఈ నీళ్ళకు విమానమెక్కి పోతారా ఎవురన్నా?"
అంటానే తన బిందెను
నా బిందె ముందుకు జరిపింది.

చేతిగుడ్డ తిరిగియ్యడం మరిచినా.
ఎంత సబ్బు రుద్దినా
నురగ రాదు దానికి, ఇక్కడ.