ఏడో సీసా

వాన వెలిసిన మధ్యాహ్నం, నాన్ పట్నం చివర మా ప్రయోగశాలకి
పన్నెండు కిలోల ప్లాయ్ దుంపలు
గోనెలో మోసుకొచ్చింది మే ఉయ్ ఖంపున్.
మట్టి కడగలేదు. "కడిగితే కుళ్లిపోతాయి పిల్లా" అంది.
చూడ్డానికి అల్లమే. విరిస్తే పసుపు.
రెంటికీ చుట్టమే కానీ
వాసన మాత్రం దేని మాటా వినదు.

తరిగాను, ఆరబెట్టాను, దంచాను,
హెక్సేన్‌లో మూడు రాత్రులు నానబెట్టాను.
గాజు గొట్టంలో తెల్లటి సిలికా నింపి
చిక్కటి నూనెను దాని నెత్తిన ఒంపితే
చుక్కచుక్కగా దిగడం మొదలెట్టింది.
ముందు లేత పసుపు, వెనకే నారింజ,
అందరికంటే వెనక, కంటికి ఆనని ఒకటి.
దీపం కింద పెడితేనే
నల్లటి మచ్చై ఒప్పుకుంది, నేనున్నానని.

నూట నలభై గొట్టాలు ఏడు సీసాలయ్యాయి.
ఏడోదే పలికింది.
మొత్తం ముప్ఫై ఒక్క మిల్లీగ్రాములు.
కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారే, అదే ఇది;
కాకపోతే మా దగ్గర ఎలుక కూడా ఉంది.
దాని కుడికాలు వాచేలా సూది పొడిచి
గంటకోసారి కొలిచాను.
మూడో గంటకి వాపు దిగింది.
అంకె రాసుకుని కింద గీత గీశాను.
ఎలుక నావైపు చూడలేదు. నేనే చూశాను.

ఆదివారం మళ్లీ వచ్చింది ఆమె, గోనె తీసుకెళ్లడానికి.
సీసా చూపించాను, అడుగున ఉప్పు రవ్వంత తెలుపు.
ముక్కు దగ్గర పెట్టుకుని
"వాసనేదీ?" అంది.
లేదన్నాను. అదే గొప్పన్నాను.
"మరి పనిచేస్తోందని నొప్పికెలా తెలుస్తుంది?"

నలభై ఏళ్లుగా మూకుట్లో ఈ దుంపల్ని నల్లగా వేయించి
ఆ నూనెతో బియ్యం మూటలు మోసేవాళ్ల వీపులు
పిసికిన చేతులవి.
కణుపులు దుంపల్లాగే ఉబ్బి ఉన్నాయి.
సీసా పట్టుకోవడానికి రెండు చేతులూ కావలసొచ్చాయి.
అన్ని వీపుల మీద పనిచేసిన నూనె
ఆ వేళ్లనెందుకు వదిలేసిందో
నా ఏడు సీసాల్లో ఎక్కడా లేదు.

పిప్పి అడిగింది.
మందులు కలిశాయి, ఇవ్వకూడదన్నాను.
సరేనని గోనె దులిపింది.
మూలనుంచి వేలెడు దుంప ఒకటి జారిపడింది,
పచ్చటి మొలక కన్ను తెరుచుకుని.
తీసి నా కలాల పక్కన పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రందాకా గదంతా అదే వాసన.
కిటికీ తెరవలేదు.