మసిగుడ్డ

లైన్‌మన్ వచ్చి కరెంటు స్తంభం మీది గూడు పీకేసిన రోజు
మా గల్లీల గంపెడు ఇనుము రాలింది.
బైండింగు తీగలు, గొడుగు ఊస,
పోయిందనుకున్న నా పిన్నీసు,
రెండు సైకిలు చువ్వలు.
కాకి ఆ స్తంభం మీదనే కూసోని చానాసేపు తిట్టింది.
ఎవర్నని చెప్పను, అందర్నీ.

చువ్వలు నేను తెచ్చుకున్న.
గడప రాయికి అరగదీసి, మొనలు గుచ్చుకోకుండ మొద్దు చేసి
తలలకు చింతగింజంత లక్క అంటించిన.
మండిబజారు నుంచి రజియాబీ
మూడు పగటేళ్ళు నడిచొచ్చి నేర్పింది:
"సీదా అంటే దారం వెనక, ఉల్టా అంటే దారం ముందట.
గింతే అక్కా. ఇగ మిగిలింది లెక్క."

దారం కొనలేదు.
కొత్తవాడల పుట్టిన చేతులియి,
పదేండ్ల వయసు నుంచి కండెలు చుట్టినయి.
జంపఖానా మగ్గం దిగినంక పడుగు కొసలు మిగులుతయి,
జానెడొకటి, మూరెడొకటి.
ముడేసుకుంట పోతే ఒక ఉండ.
అద్దకం ఎక్కని పత్తి. తెలుపు గూడ కాదు,
బియ్యం కడిగిన నీళ్ళ రంగు.

కాకిని అల్లుతనంటే రజియాబీ నవ్వింది,
"తెల్ల కాకా?"
చువ్వలు దానియి కదా మరి,
ఇంకెవర్ని అల్లాలె.

మనవరాలి లెక్కల నోటుబుక్కుల కాయితం చింపి
గడికొక కుట్టు, ఉబ్బాల్సిన కాడ ఇంటూ గుర్తు.
ముప్పైతొమ్మిది కుట్లు, అంచులకు నాలుగు నాలుగు.
మర్లి వచ్చే వరుసల సీదాలన్నీ ఉల్టాలైతయి,
చేతులు పనిచేస్తుంటయి,
కాకి నాకు వీపు చూపిస్తుంటది.
కాళ్ళ కాడ ఎవరో తలుపు కొట్టిన్రు. లెక్క తప్పిన.
ఒక కాలు కురచైంది. విప్పబుద్ధి కాలే.
తలల మాత్రం అన్ని ఉల్టాల నడుమ
ఒక్క సీదా వేసిన,
కన్ను.

అయినంక పరిచి చూస్తే కాకి లేదు.
ఉత్త గుడ్డ.
ట్యూబులైటు కింద లేదు, మిట్టమధ్యాహ్నం ఎండల లేదు.
పొద్దుగూకంగ కిటికీల నుంచి వెలుగు అడ్డం పడ్డప్పుడు
మొదలు ముక్కు లేచింది,
ఎనకకెల్లి వీపు.
కండ్లు మూసి తడిమిన.
వేళ్ళకు ముందుగాలనే తెలుసు.

కొమురమ్మకిచ్చిన.
దేశాయిపేట రోడ్డు మీద కట్టెల పొయ్యికాడ
సర్వపిండి చేసి అమ్ముతదామె.
"బొమ్మున్నదంటివి, ఏదే?"
"తడిమి చూడు."
"కాలి కాలి కాయలు కాసిన చేతులు గివి.
గీటికేం తెలుస్తదే."
అనుకుంటనే గుడ్డ రెండు మడతలు చేసి
నిప్పసొంటి సర్వను దించింది.

నెల దాటినంక పోయిన.
నువ్వుల వాసన, కరివేపాకు చిటపట,
గిరాకీల తొక్కులాట.
పొయ్యి పక్కకు గుడ్డ పడున్నది.
మసి గూడ పల్లంల ఆగదు, ఎత్తు మీదనే కూసుంటది.
వీపు నల్లవడ్డది, రెక్క నల్లవడ్డది,
కురచ కాలు గూడ.
కన్ను తెల్లగనే ఉన్నది.

"ఉతుకుదామని సబ్బు తీసిన్నే," అన్నది కొమురమ్మ,
"గప్పుడు చూసిన దీన్ని. ఊకున్న.
ఈసారి తేలును అల్లు,
పోరగాళ్ళు నా సామాను ముట్టకుంటరు."
పైసలు తీసుకోలే. మాడిన అంచు తీసి పెట్టింది,
నాకు అదే ఇష్టమని ఎరుక.

తినుకుంట వచ్చిన.
మా గల్లీ మూలమలుపుల, ట్రాన్స్‌ఫారం మీద
మళ్ళీ నాలుగు తీగలు పేర్చింది.
ముక్కుల ఏదో పట్టుకొని ఆగింది,
మెడ వంచి, ఒక కంటితోని
నా కొప్పుల చెక్కిన చువ్వల దిక్కే చూస్తున్నది.