పదిహేడో నంబర్ కుర్చీ

బూసాన్‌లో, యంగ్‌డో దీవిలో, ఓడల యార్డు గోడకెదురుగా
రెండో అంతస్తులో నా పీసీ బాంగ్.
నలభై కుర్చీలు, నలభై తెరలు,
మూలన ఎప్పుడూ పొంగుతూ ఉండే రామ్యన్ గిన్నె.
రాత్రో పగలో తెలియకూడదని
కిటికీలకు నల్ల కాగితం నా చేత్తోనే అంటించాను.

మొదట పడిపోయింది పదిహేడు.
ఆటలోకి అడుగు పెట్టీ పెట్టకముందే
"వీడియో మెమరీ చాలదు" అని ఒక్క ముక్క చెప్పి
తెర నల్లబడింది.
చాలకపోవడమేమిటి?
కొని నెల తిరగని కార్డు.
ఊరంతా తిన్నా తరగనంత మెమరీ దానికి.

ఆ కుర్చీలో ఉన్నవాడు తేఉల్.
పదిహేనేళ్లు. చేతిలో ఎప్పుడూ పులుసు కప్పు.
"ఏం ఒలకబోశావ్?"
"ఏమీ లేదు, అజుమ్మా."
నేను నమ్మలేదు.
మూడోసారి పడిపోయిన రోజు
అందరూ వింటుండగానే అన్నాను,
ఇక ఈ మెట్లెక్కొద్దని.
కప్పు అక్కడే పెట్టి వెళ్లాడు, సగం తాగి.

వాడు వెళ్లాకా అది పడిపోతూనే ఉంది.
మెమరీ కర్రలు మార్చాను. పవర్ సప్లై మార్చాను.
విండోస్ చెరిపి మళ్లీ రాశాను.
అత్త మీద కోపం దుత్త మీద, దుత్త మీది కోపం పొయ్యి మీద.
నిన్న విప్పిన మూటనే
ఇవాళ విప్పలేను, పాడైంది అంటుంది.
మూట బాగానే ఉంది. పక్క కుర్చీలో చక్కగా విచ్చుకుంది.

తర్వాత ఇరవైమూడు. తొమ్మిది. ముప్పై ఒకటి.

రాత్రి డ్యూటీ జిన్‌మోక్ ఎక్కడెక్కడో చదివి వచ్చి చెప్పాడు:
"తప్పు ప్రాసెసర్‌ది.
కావలసినదానికంటే ఎక్కువ వోల్టేజీ అదే అడిగింది,
అడిగినంతా బోర్డు పోసింది."
బరువు మోసేటప్పుడు కూడా కాదట.
పెద్ద పనేమీ లేక, ఒక్క కోర్ ఒక్క క్షణం
రయ్యిమని దూసుకుపోవాలనుకున్నప్పుడు.

నాకు అర్థమైంది.
ఈ దుకాణం పెట్టకముందు పంతొమ్మిదేళ్లు
ఆ గోడ వెనకాల వెల్డింగులు తనిఖీ చేశాను.
కరెంటు ఎక్కువ పెట్టి అతికిన అతుకు
చూడ్డానికి ముద్దుగా మెరుస్తుంది.
దాని పక్కనున్న ఇనుమే చచ్చిపోతుంది.
ఎక్స్‌రే ఫిల్ము దీపానికి పట్టి చూస్తే
వెంట్రుక వాసి గీత.
ఆ గీతతోనే ఓడ బయల్దేరుతుంది,
బ్యాండు మేళంతో, రంగు కాగితాలతో.
నీళ్లు నెమ్మదిగా ఉన్నన్నాళ్లు ఎవరికీ తెలియదు.

కానీ గోరంత పలకకు ఏ ఫిల్ము పట్టను?
ఏ సుత్తితో తట్టి వినను?

సరిదిద్దే ఫైలు వచ్చింది. రాత్రంతా కూర్చుని
నలభైకీ ఎక్కించాం.
ఇకమీదట ఎక్కువ అడగదు.
ఇదివరకు తాగింది మాత్రం తాగిందే,
దానికి మందు లేదు.
పాడైనవి పంపండి, కొత్తవి ఇస్తామన్నారు కంపెనీవాళ్లు.
ఎప్పుడు అంటే, వరుసలో ఉన్నారు అన్నారు.

తేఉల్ కోసం వెతికాను.
రోడ్డుకు అవతల, నా పోటీవాడి దుకాణంలో దొరికాడు.
వేడి కప్పు పక్కన పెట్టి
దారంతా కూడబెట్టుకున్న మాట చెప్పాను,
నాదే తప్పని.
తెర మీంచి చూపు తిప్పలేదు.
"ఇక్కడ పడిపోదు" అన్నాడు.
అంతే.

పదిహేడును మాత్రం పంపలేదు.
వేగం బాగా తగ్గించాను,
ముసలి గుర్రానికి కళ్లెం బిగించినట్టు.
ఇప్పుడందులో యార్డులో క్రేన్ నడిపి రిటైరైన ఓమ్ గారు
రాత్రి రెండింటికి బాదుక్ ఆడతారు.
ఒక్క రాయి పెట్టడానికి ఇరవై నిమిషాలు.
యంత్రానికి తొందర లేదు, ఆయనకూ లేదు.

ఆయన మరీ ఆలస్యం చేస్తే
గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి
నేనే ఓసారి వెళ్లి చూసొస్తాను,
తెర వెలుగుతోందా అని.